పాత మంగలికత్తి తోక మీద ఏం రాసి ఉంది?

ఇంటర్నెట్ వేలంలో మొట్టమొదటిసారిగా ఒక మడత మంగలికత్తి కొనాలని మీకు కోరిక కలిగిందనుకోండి. తెర మీద అయిదారు ఫోటోలు కనిపిస్తాయి. నల్లబడిన పిడి, గోధుమరంగు మచ్చలు పడిన అలుగు. కింద అమ్మకందారు వివరణ రెండే వాక్యాల్లో ఉంటుంది: తాతగారి పెట్టెలో దొరికింది, వీటి గురించి నాకేమీ తెలియదు. వేలం ముగియడానికి ఇక రెండు రోజులే గడువు. కత్తిని చేత్తో పట్టి చూడలేరు, గోటి మీద ఆనించి పదును చూడలేరు. మీ ముందున్న సాక్ష్యమల్లా ఒక్కటే. అలుగుకూ, వెనక్కి వంగిన తోకకూ మధ్య అచ్చు గుద్దినట్టున్న నాలుగు ముద్రలు. ఒక కిరీటం, 'కాస్ట్ స్టీల్' అనే మాట, ఒక కంపెనీ పేరు, 'షెఫీల్డ్' అనే ఊరి పేరు.

వాటిని నమ్మవచ్చా? ఈ ప్రశ్న ఇంటర్నెట్‌తో పుట్టింది కాదు. 1995లో అమెరికాలో ఇ-బే వేలం మొదలైన కొద్ది నెలలకే, అంటే 1996లోనే, కొన్నవారూ అమ్మినవారూ ఒకరి గురించి ఒకరు అభిప్రాయం రాసే ఏర్పాటు చేయవలసి వచ్చింది. ముఖం తెలియని మనిషి దగ్గర వస్తువు కొనడానికి ఏదో ఒక పూచీ కావాలి కదా! ఆ నాలుగు ముద్రలు కూడా అలాంటి పూచీలే. ఎవరు, ఎందుకు, ఎవరికి భయపడి ఆ పూచీలు ఇచ్చారో తెలుసుకుంటే మీ ఫోటోలోని కత్తి వయస్సు దాదాపుగా తేలిపోతుంది. మరో సంగతి కూడా బయటపడుతుంది. ఆ కత్తికి పదును పెట్టిన మనిషి పేరు ఆ తోక మీద ఎక్కడా ఉండదు.

పన్నెండు కత్తుల బేరం

18వ శతాబ్దం చివర ఇంగ్లాండులో పీటర్ పిండార్ అనే మారుపేరుతో జాన్ వోల్కాట్ వ్యంగ్య కవిత్వం రాసేవాడు. మంగలికత్తులు అమ్మేవాడి మీద ఆయన రాసిన పద్యకథ ఒకటి బాగా పేరుపడింది. సంతలో ఒకడు పద్దెనిమిది పెన్నీలకు పన్నెండు కత్తులు అమ్ముతాడు. గడ్డం మాసిన పల్లెటూరి రైతు ఇంత చౌకబేరం మళ్లీ దొరకదని కొంటాడు. ఇంటికెళ్లి సబ్బు పూసుకుని గీస్తే ఒక్క కత్తీ తెగదు, రక్తం మాత్రం వస్తుంది. మండిపడుతూ వచ్చి నిలదీస్తే అమ్మినవాడు తాపీగా జవాబిస్తాడు. అవి గీయడానికి చేసినవి కావట, అమ్మడానికి చేసినవట!

జోకు పాతదే కానీ దాని వెనక ఒక లోహశాస్త్ర సమస్య ఉంది. చూపుకు మంచి ఉక్కు, చెడ్డ ఉక్కు ఒకేలా ఉంటాయి. మెరుగు పెడితే నాసిరకం ఇనుము కూడా అద్దంలా మెరుస్తుంది. పైగా పోత ఇనుముతో మూసపోసి చేసిన చవక కత్తులు మార్కెట్లో బాగానే తిరుగుతుండేవి. పోత ఇనుములో కార్బన్ మూడు నాలుగు శాతం దాకా ఉంటుంది. అది పెళుసు. పలుచని అంచుగా అరగదీస్తే పొడిపొడిగా రాలిపోతుంది. వంటింటి కత్తికో, కొడవలికో అంచు కాస్త మొరటుగా ఉన్నా పని జరిగిపోతుంది. గడ్డం గీసే కత్తికి అలా కుదరదు. దాని అంచు చివర ఒక మైక్రాన్ కంటే, అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు కంటే పలచగా ఉండాలి. అంత పలచని చోట ఉక్కులో ఒక చిట్టెం రేణువు చిక్కుకుని ఉన్నా అక్కడ అంచు విరుగుతుంది. ఆ విరిగినచోటే చర్మాన్ని గీరుతుంది.

అందుకే ఉక్కు ఎంత శుభ్రంగా ఉందో మంగలికత్తి చెప్పినంత నిర్మొహమాటంగా మరే పనిముట్టూ చెప్పదు.

బొబ్బల ఉక్కు, పోత ఉక్కు

18వ శతాబ్దపు తొలిరోజుల్లో షెఫీల్డ్‌లో ఉక్కు తయారీ ఇలా జరిగేది. స్వీడన్ నుండి తెచ్చిన మేలురకం చేత ఇనుము కడ్డీలను బొగ్గుపొడిలో పొరలు పొరలుగా పేర్చి, గాలి చొరకుండా మూసి, వారం పైగా ఎర్రగా కాల్చేవారు. కార్బన్ మెల్లమెల్లగా ఇనుములోకి ఇంకేది. బయటికి తీస్తే కడ్డీ పైన బొబ్బలు లేచి ఉండేవి. అందుకే దాన్ని బొబ్బల ఉక్కు అనేవారు. ఇందులో రెండు లోపాలున్నాయి. కార్బన్ పైపొరలో ఎక్కువగా, లోపల తక్కువగా ఉంటుంది. ఇక ఇనుము ఎక్కడా కరగదు కనుక అందులోని చిట్టెం పోగులు అలాగే ఉండిపోతాయి. కడ్డీలను కట్టగట్టి, కాల్చి, సుత్తితో కలిపి కొడితే కొంత మేలు. కొంతే.

ఈ లోపంతో విసిగిపోయినవాడు బెంజమిన్ హంట్స్‌మన్. ఆయన ఉక్కు వ్యాపారి కాదు, డాంకాస్టర్ ఊళ్లో గడియారాలు చేసుకునేవాడు. గడియారపు స్ప్రింగులకు నికరమైన ఉక్కు దొరక్క తానే ప్రయత్నం మొదలుపెట్టాడు. షెఫీల్డ్ దగ్గరి హాండ్స్‌వర్త్‌కు మకాం మార్చి, 1740 ప్రాంతంలో ఫలితం సాధించాడు. ఉపాయం వినడానికి చాలా తేలిక. బొబ్బల ఉక్కు ముక్కలను మట్టి మూసలో వేసి, కోక్ మంటలో పూర్తిగా కరగనివ్వాలి. చిట్టెం పైకి తేలుతుంది, కార్బన్ అంతటా సమంగా పరచుకుంటుంది. కష్టమంతా ఆ మంటను 1,600 డిగ్రీల సెంటీగ్రేడ్ దరిదాపులకు తేవడంలోనూ, ఆ వేడికి మూస పగలకుండా చూడడంలోనూ ఉంది. కరిగిన ఉక్కును అచ్చులో పోసేవారు కనుక దాన్ని పోత ఉక్కు అన్నారు. మీ ఫోటోలోని 'కాస్ట్ స్టీల్' ఇదే. ఇందాక చెప్పిన పోత ఇనుముతో దీన్ని పొరబడకండి. రెండింటిలోనూ పోత ఉన్నా, ఒకటి సంతలో మోసం, రెండోది ఆనాటి అత్యుత్తమ పదార్థం.

తమాషా ఏమిటంటే షెఫీల్డ్ కత్తుల పనివారే మొదట దీన్ని ముట్టుకోలేదు. మరీ గట్టిగా ఉంది, సుత్తికి లొంగడం లేదన్నారు. హంట్స్‌మన్ తన ఉక్కును ఫ్రాన్స్‌కు అమ్ముకున్నాడు. ఆ ఉక్కుతో చేసిన ఫ్రెంచి కత్తులు ఇంగ్లాండు మార్కెట్లోకి వచ్చి పడేసరికి షెఫీల్డ్ వారికి మెలకువ వచ్చింది. పేటెంటు తీసుకోని ఆ రహస్యాన్ని, మంచు కురిసే రాత్రి బిచ్చగాడి వేషంలో వచ్చి వెచ్చదనం కోసం కొలిమి దగ్గర చోటడిగిన ఒక పోటీదారు కాజేశాడని అక్కడ కథ చెప్పుకుంటారు. కథ నిజమో కాదో గానీ, రహస్యం మాత్రం ఎంతోకాలం దాగలేదు.

కోనసముద్రం నుండి లండన్‌కు

ఇక్కడ మన ఊసు వస్తుంది. మూసలో ఉక్కు తయారుచేయడం ఐరోపాకు కొత్త గానీ దక్షిణ భారతానికి కొత్త కాదు. హంట్స్‌మన్‌కు వెయ్యేళ్లకు పైగా ముందే మన కమ్మరులు ఇనుమునూ, కార్బన్ ఇచ్చే కట్టెనూ ఆకులనూ చిన్న మట్టిమూసలో మూసి, తిత్తులతో ఊది, అరచేతిలో ఇమిడే ఉక్కుముద్దలు తీసేవారు. ఐరోపావారు దీన్ని 'వూట్జ్' అన్నారు. తెలుగు, కన్నడ భాషల్లోని 'ఉక్కు' అనే మాటే వారి నోట అలా మారిందని చాలామంది పండితుల అభిప్రాయం.

నేటి నిజామాబాద్ జిల్లాలోని కోనసముద్రం ఈ ఉక్కుకు పేరుపొందిన ఊరు. త్రికోణమితి సర్వే బృందంలో వైద్యుడిగా, భూగర్భ శాస్త్రజ్ఞుడిగా పనిచేసిన హెన్రీ వాయిసీ అక్కడికి వెళ్లి తయారీని కళ్లారా చూసి రాసిపెట్టాడు. ఆయన 1824లో మరణించాడు. ఆ వ్యాసం 1832లో కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. పారశీక దేశపు వర్తకులు ఇస్ఫహాన్ నుండి ఇంతదూరం వచ్చి, ఊళ్లోనే ఉండి ఉక్కు కొనుక్కుపోయేవారని ఆయన రాశాడు. వారికీ మనకున్న సందేహమే ఉన్నట్టుంది. తయారీ జరిగేచోటే కూర్చుని కొనడం కంటే గట్టి పూచీ ఏముంటుంది? 2010లో బెంగుళూరులోని జాతీయ ఉన్నత అధ్యయన సంస్థ, ఇంగ్లాండులోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం కలిసి ఉత్తర తెలంగాణలో సర్వే చేసినప్పుడు చిట్టెం గుట్టలు, మూసల పెంకులు ఎన్నో ఊళ్లలో బయటపడ్డాయి.

1794లో బొంబాయిలోని డాక్టర్ హెలెనస్ స్కాట్ లండన్‌లోని రాయల్ సొసైటీ అధ్యక్షుడు సర్ జోసెఫ్ బ్యాంక్స్‌కు వూట్జ్ ముక్కలు పంపాడు. వాటిని పరిశీలించి జార్జ్ పియర్సన్ 1795లో సొసైటీ ముందు పత్రం చదివాడు. ఆ పరీక్షల్లో ఉక్కును సాగగొట్టి చూసినవాడు జేమ్స్ స్టోడార్ట్. ఈయన లండన్‌లోని స్ట్రాండ్ వీధిలో కత్తులు, శస్త్రచికిత్స పరికరాలు అమ్మే దుకాణదారు. వూట్జ్‌తో పనిచేయడం నరకం. అందులో కార్బన్ దాదాపు ఒకటిన్నర శాతం. ఐరోపా కమ్మరులు తమ అలవాటు కొద్దీ బాగా కాల్చి కొడితే ముక్కలైపోయేది. తక్కువ వేడిలో, ఓపికగా కొట్టాలి. స్టోడార్ట్ ఆ ఓపిక పట్టాడు. అంతేకాదు, తాను మంగలికత్తులకు వూట్జ్‌నే వాడతాననీ, ఏళ్ల తరబడి పోల్చిచూశాక ఐరోపాలోని మేలైన ఉక్కుకంటే దాన్నే ఎంచుకున్నాననీ తన దుకాణం చీటీ మీద అచ్చువేయించుకున్నాడు. షెఫీల్డ్ ఉక్కు జగజ్జేతగా ఎదుగుతున్న రోజుల్లో, లండన్ నడిబొడ్డున, ఒక కత్తుల వ్యాపారి ఇచ్చిన సర్టిఫికెట్టు ఇది!

స్టోడార్ట్ దగ్గరికి మైకేల్ ఫారడే చేరాడు. అవును, మీరు భౌతికశాస్త్రంలో చదివే విద్యుత్ ప్రేరణ ఫారడేనే. 1819లో ఆయన వూట్జ్‌ను విశ్లేషించాడు. అందులో అల్యూమినియం ఉండడం వల్లే దానికి అంత గుణం వచ్చిందని పొరబడ్డాడు. అసలు కారణం కార్బన్ పరిమాణంలోనూ, ఉక్కు మెల్లగా చల్లారే తీరులోనూ ఉందని తర్వాత తెలిసింది. అయితే ఈ పొరపాటే ఒక మంచి ప్రశ్నకు దారితీసింది. ఉక్కులో వేరే లోహం కలిపితే ఏమవుతుంది? వెండి, ప్లాటినం, రోడియం, నికెల్, క్రోమియం, ఒకదాని తర్వాత ఒకటి కలిపి ఇద్దరూ 1820లో, 1822లో పత్రాలు ప్రకటించారు. ఆ ఉక్కుతో మంగలికత్తులు చేయించి ఫారడే మిత్రులకు బహూకరించాడు. మిశ్రమలోహపు ఉక్కు చరిత్ర గడ్డం గీసుకునే కత్తితో మొదలైందంటే అతిశయోక్తి కాదు. 1823లో స్టోడార్ట్ చనిపోయాక ఫారడే ఈ పని మానేశాడు. ఆయన వదిలేసిన 79 ఉక్కు ముక్కలు రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఒక పెట్టెలో పడి ఉండగా, వందేళ్ల తర్వాత సర్ రాబర్ట్ హాడ్‌ఫీల్డ్ వాటిని పరీక్షించి 1931లో పుస్తకం రాశాడు.

ఈ ప్రయోగాల్లో ఐదువందల వంతుల ఉక్కుకు ఒక వంతు వెండి కలిపిన మిశ్రమం వ్యాపారులకు బాగా నచ్చింది. గుణం కంటే పేరు నచ్చిందనాలి. కొద్ది ఏళ్లలోనే 'సిల్వర్ స్టీల్' అనే ముద్ర కత్తుల మీద విరివిగా కనిపించసాగింది. ఆ కత్తుల్లో చాలావాటిలో వెండి చుక్క కూడా లేదు. మీ వేలంలో ఈ మాట కనిపిస్తే ధర పెంచకండి. కాలం గుర్తించడానికి మాత్రం పనికొస్తుంది. ఆ కత్తి 1820కి ముందుది కాదు.

కిరీటాలు, చట్టాలు

మిగతా ముద్రల సంగతి చూద్దాం. కిరీటం పక్కన 'జి ఆర్' అని ఉంటే జార్జి రాజుల కాలం, అంటే 1714 నుండి 1830 లోపుది. 'డబ్ల్యు ఆర్' అయితే నాలుగో విలియం ఏలిన 1830-37 మధ్యది. 'వి ఆర్' అయితే విక్టోరియా రాణి కాలం, 1837-1901. జాగ్రత్త! 1910లో మళ్లీ ఒక జార్జి గద్దెనెక్కాడు. కనుక అక్షరాలతో పాటు ఆకారం చూడాలి. 18వ శతాబ్దపు కత్తులకు వెనక తోక ఉండదు, లేదా పొట్టి మొటిమలా ఉంటుంది. పైకి వంగిన పొడుగు తోక 19వ శతాబ్దంలో స్థిరపడింది.

షెఫీల్డ్ ప్రాంతపు కత్తుల పనివారి సంఘానికి 1624లోనే పార్లమెంటు చట్టం ద్వారా అధికారాలు వచ్చాయి. ఎవరి గుర్తు ఎవరిదో ఆ సంఘం నమోదు చేసేది. ఒకరి గుర్తు మరొకరు కొడితే శిక్ష. 1819లో ఇంకో చట్టం వచ్చింది. సుత్తితో సాగగొట్టి చేసిన కత్తుల మీదే సుత్తి బొమ్మ వేయాలి, పోత ఇనుప సరుకు మీద వేయకూడదు. సంతలో రైతు మోసపోయిన కథకు చట్టసభ ఇచ్చిన జవాబు అనుకోవచ్చు.

19వ శతాబ్దం చివరికి మోసం దేశాలు దాటింది. జర్మనీలో తయారైన చవక అలుగుల మీద 'షెఫీల్డ్' అని కొట్టి అమ్ముతున్నారని గగ్గోలు పుట్టగా, బ్రిటన్ 1887లో సరుకు ముద్రల చట్టం చేసింది. అమెరికా 1890లో చేసిన సుంకాల చట్టం, దిగుమతి సరుకు మీద తయారైన దేశం పేరు ఉండాలని నిర్బంధించింది. అది 1891లో అమలుకొచ్చింది. అందుచేత కత్తి మీద 'షెఫీల్డ్' అని మాత్రమే ఉండి 'ఇంగ్లాండ్' అని లేకపోతే, అది బహుశా 1891కి ముందుదై ఉండవచ్చు. బహుశా అనే అంటున్నాను. స్వదేశంలో అమ్ముకునే కత్తికి అమెరికా చట్టంతో పనిలేదు కదా!

జర్మనులు మోసగాళ్లేనని అనుకోకండి. జోలింగెన్ పట్టణం మధ్యయుగం నుండీ కత్తులకు పుట్టినిల్లు. 19వ శతాబ్దపు చివరి దశాబ్దాల్లో అక్కడి పనివారు అలుగు రెండు వైపులా లోతుగా గుంట పడేలా అరగదీయడంలో ఆరితేరారు. పాత షెఫీల్డ్ కత్తి అడ్డుకోత చీలికమేకులా ఉంటుంది. జోలింగెన్ కత్తిది నడుము సన్నబడ్డ ఆకారం. సానచక్రం ఎంత చిన్నదైతే గుంట అంత లోతు. వృత్తపు జ్యా, వ్యాసం లెక్క చేసి చూడండి, తెలుస్తుంది. అలుగు పలచన కనుక సానరాయి మీద అరగదీయవలసిన లోహం తక్కువ, పదును పెట్టడం సులువు. 1938లో 'జోలింగెన్' అనే పేరుకే చట్టరక్షణ వచ్చింది. ఒకప్పుడు ఇతరుల ఊరి పేరు వాడుకున్నారన్న నింద మోసిన చోటే, ఇప్పుడు సొంత ఊరి పేరుకు కాపలా కాయవలసి వచ్చింది.

వీపే కోణమాపకం

ముద్రలు చదివారు. ఇక కొనాలా వద్దా తేల్చేది అలుగు. ఇందులో ఒక చక్కని జ్యామితి ఉంది.

మంగలికత్తిని సానరాయి మీద రుద్దేటప్పుడు అంచునూ వీపునూ రెండింటినీ రాయికి ఆనించి, బల్లపరుపుగా పెడతారు. చెయ్యి ఏ కోణంలో ఉండాలో ఆలోచించనక్కరలేదు. వీపు మందమూ అలుగు వెడల్పూ కలిసి ఆ కోణాన్ని ముందే నిర్ణయించేశాయి. వెడల్పును అంగుళంలో ఎనిమిదో వంతుల్లో చెబుతారు. ఐదు వంతుల కత్తి అంటే సుమారు 16 మిల్లీమీటర్లు. వీపు మందం 4.5 మిల్లీమీటర్లనుకుందాం. అందులో సగం 2.25. దాన్ని 16తో భాగిస్తే వచ్చే సైను విలువకు కోణం 8 డిగ్రీల చిల్లర. రెండు వైపులా కలిపి 16 డిగ్రీలు. ఏళ్ల తరబడి రుద్దినప్పుడు అంచు ఎంత అరుగుతుందో వీపూ కొంత అరుగుతుంది. కోణం పెద్దగా మారదు. దీన్ని మొదట ఎవరు కనిపెట్టారో గానీ, వారికి చేతులెత్తి నమస్కరించాలనిపిస్తుంది.

అయితే ఎవరో అనుభవం లేనివారు కత్తిని గట్టిగా అదిమి రుద్దితే వీపు మాత్రమే ఎక్కువ అరిగి, చదునుగా మెరిసే పట్టీ ఏర్పడుతుంది. వీపు 3.5 మిల్లీమీటర్లకు తగ్గిందనుకోండి, కోణం 12.5 డిగ్రీలకు పడిపోతుంది. అంత పలచని అంచు నిలవదు. కనుక ఫోటోలో వీపు మీద ఆ మెరుపు పట్టీ వెడల్పు చూడండి. ఒక కొసన వెడల్పుగా, మరో కొసన సన్నగా ఉంటే వదిలేయండి. అంచు మధ్యలో లోపలికి వంగి ఉన్నా వద్దు. వెంట్రుకంత పగులు కనిపించినా వద్దు. అలుగు నడుమ మచ్చలుంటే పరవాలేదు గానీ, అంచు దగ్గర తుప్పు గుంటలుంటే ఎంత రుద్దినా కొత్త గుంట బయటపడుతూనే ఉంటుంది. ఆ ఫోటో లేకపోతే అడగండి. పంపకపోతే అదే జవాబు.

పిడి కూడా సాక్ష్యమే. ఏనుగు దంతం పిడి ఉంటే దాని జోలికి పోకండి. మన వన్యప్రాణి సంరక్షణ చట్టం దాని వ్యాపారాన్ని నిషేధించింది. 1870 తర్వాత దంతానికి బదులుగా వచ్చిన సెల్యులాయిడ్ పిడి చూడ్డానికి అచ్చు దంతంలాగే ఉంటుంది. పాతబడ్డ సెల్యులాయిడ్ విచ్ఛిన్నమవుతూ ఆమ్ల ఆవిర్లు వదులుతుంది. కత్తిని మడిచి పెట్టెలో దాస్తే ఆ పిడే అలుగును తినేస్తుంది. తాతగారి పెట్టెలో భద్రంగా దాచిన కత్తి, గోడకు వేలాడిన కత్తి కంటే ఎక్కువ తుప్పు పట్టడానికి ఇదొక కారణం.

ఇంత గట్టి ఉక్కు మెత్తని వెంట్రుకకు ఎలా మొద్దుబారుతుందని మీకు సందేహం రావచ్చు. వెంట్రుక ఉక్కుకంటే దాదాపు యాభై రెట్లు మెత్తన. 2020లో అమెరికాలోని ఎమ్.ఐ.టి. పరిశోధకులు ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కింద గమనించి 'సైన్స్' పత్రికలో జవాబు ప్రచురించారు. వెంట్రుక వంగి, అంచు మీద వాలుగా ఒత్తినప్పుడు, అంచులో గట్టిదనం ఒకేలా లేని చోట చిన్న పెచ్చు లేచిపోతుందట. వారు చూసింది ఇప్పటి బ్లేళ్లనే. అయినా ఉక్కు లోపల అంతటా సమంగా ఉండాలన్న హంట్స్‌మన్ పట్టుదల గుర్తుకు రాక మానదు.

ఇక ఇన్ని పాత కత్తులు వేలానికి ఎందుకొస్తున్నాయంటారా? కింగ్ క్యాంప్ జిలెట్ వల్ల. ఆయన కంపెనీ 1903లో అమ్మింది 51 రేజర్లు, 168 బ్లేళ్లు. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా ప్రభుత్వం సైనికుల కోసం 35 లక్షల రేజర్లు కొన్నది. యుద్ధం నుండి తిరిగొచ్చినవారు తండ్రుల కత్తులను సొరుగుల్లో పడేశారు. ఆ సొరుగులే ఇప్పుడు తెరుచుకుంటున్నాయి.

సానబండ ముందు కూర్చున్నవాడు

కమ్మరి కొట్టి ఇచ్చిన అలుగు మొరటుగా ఉండేది. దాన్ని మంగలికత్తిగా మార్చేవాడు సానపట్టేవాడు. షెఫీల్డ్ చుట్టూ చిన్న చిన్న ఏళ్లున్నాయి. పోర్టర్, రివెలిన్, లాక్స్‌లీ, షీఫ్, డాన్. వాటి నీటితో తిరిగే చక్రాలు సానబండలను తిప్పేవి. పనివాడు గుర్రం ఎక్కినట్టు చెక్కపీట మీద కాళ్లు అటూ ఇటూ వేసి కూర్చుని, ముఖం బండకు దగ్గరగా వంచి అలుగును అదిమేవాడు. ఏట్లో నీళ్లు తగ్గితే పని ఆగేది, పొలం చూసుకునేవాడు. 18వ శతాబ్దం చివర ఆవిరి యంత్రాలు వచ్చాయి. యంత్రానికి నీటికరువు లేదు. పని ఊరి మధ్యకు, ఇరుకు గదుల్లోకి, ఏడాది పొడవునా మారింది.

సానబండ ఇసుకరాయి. ఇసుకరాయి అంటే సిలికా. పొడిగా సానపడితే గదంతా సిలికా దుమ్ము. ఆ సన్నని రేణువులు ఊపిరితిత్తుల లోతుల్లోకి దిగి, అక్కడ మచ్చలు కట్టి, మెల్లగా ఊపిరిని బిగించేస్తాయి. మనం ఇప్పుడు సిలికోసిస్ అంటున్నాం. అక్కడివారు సానవారి ఉబ్బసం అన్నారు. షెఫీల్డ్ వైద్యుడు ఆర్నాల్డ్ నైట్ అంచనాను ఫ్రెడరిక్ ఎంగెల్స్ తన 1845 నాటి పుస్తకంలో ఇచ్చాడు. పొడిసాన పట్టేవాడి సగటు ఆయుష్షు 35 ఏళ్లకు మించదు. తడిసాన అయితే 45 దాటడం అరుదు. ఫోర్కులకు పట్టేది పూర్తిగా పొడిసాన. మంగలికత్తికి కొంత తడి, కొంత పొడి.

1820లలో షెఫీల్డ్ బడిపంతులు జె.హెచ్. అబ్రహాం ఒక ఉపాయం తెచ్చాడు. పనివాడి ముఖానికీ బండకూ మధ్య అయస్కాంతాలు అమర్చితే ఉక్కురజను వాటికి అంటుకుంటుంది. బహుమతి కూడా వచ్చింది. లోపం ఎక్కడుందో మీరే చెప్పగలరు. చంపేది ఉక్కురజను కాదు, రాతిదుమ్ము. అయస్కాంతం రాతిదుమ్మును లాగదు. తర్వాత దుమ్మును బయటికి ఊదేసే పంకాలు వచ్చాయి. అవి నిజంగా పనిచేస్తాయి. పనివారు వాటిని వద్దన్నారు! కొన్నిచోట్ల పగలగొట్టారని కూడా ఎంగెల్స్ రాశాడు. సానపని ప్రాణాంతకం కాదని తెలిస్తే జనం ఎగబడతారు, కూలి పడిపోతుందని వారి భయం. దీన్ని మూర్ఖత్వమనడం నాకు చేతకాదు. ముప్పయ్యయిదేళ్ల ఆయుష్షునే ఆస్తిగా లెక్కవేసుకోవలసి వచ్చినవారి లెక్క అది.

1867లో ఫ్యాక్టరీ చట్టాలు ఈ గదుల దాకా వచ్చాయి. 1891లో అమెరికాలో అచిసన్ కనిపెట్టిన సిలికాన్ కార్బైడ్ వంటి కృత్రిమ సానచక్రాలు 20వ శతాబ్దంలో ఇసుకరాయి స్థానాన్ని ఆక్రమించాకనే షెఫీల్డ్‌లో ఈ జబ్బు తగ్గింది. లోకంలో తగ్గలేదు. మన గుజరాత్‌లోని ఖంభాత్‌లో అకీకు రాళ్లకు సానపట్టేవారిలోనూ, చిన్నప్పుడు మీరు పలక మీద దిద్దిన బలపాలు తయారుచేసిన మంద్‌సౌర్ పనివారిలోనూ వైద్యులు ఇదే రోగాన్ని గుర్తించారు.

పార్సెల్ ఇంటికొచ్చాక, అంచు తగలకుండా కత్తిని విప్పండి. దానితో వెంటనే గడ్డం గీసుకోవాలని మాత్రం చూడకండి. ముందు శుభ్రం చేయించి, తెలిసినవారి చేత సానపట్టించాలి. అలుగు వైపు కాదు, ముద్రలున్న తోక మొదలు వైపు భూతద్దం పెట్టి చూడండి. మెరుగు అంతగా చేరని ఆ మూల, కంపెనీ పేరు పక్కనే, అడ్డంగా సన్నని గీతలు కనిపిస్తాయి. ఒక్కో గీతా సానబండలోని ఒక్కో ఇసుకరేణువు ఉక్కు మీద గీసింది.

పోర్టర్ ఏటి ఒడ్డున షెపర్డ్ వీల్ అనే పాత సానశాలను షెఫీల్డ్‌లో ఇప్పటికీ కాపాడుకుంటున్నారు. నీటిచక్రం తిరుగుతుంది, లోపల చెక్కపీటలు వరుసగా ఉన్నాయి. అరిగి అరిగి చిన్నవైపోయిన సానబండలు బయట పడి ఉన్నాయి.